మూడో నంబరు ఎగరేసిన రాత్రి

పోర్టులో మూడో నంబరు ఎగరేశారు.
ఈ రాత్రి గీత నిలవదని అప్పుడే తెలిసింది.
సముద్రం ఇక్కడికి కిలోమీటరు.
దాని ప్రతి దెబ్బా నేల లోంచి నడిచొచ్చి
నా బల్ల కాళ్లెక్కుతుంది.
బల్ల కింద నాలుగు స్కూటర్ ట్యూబులు, గాలి కొట్టించినవి.
అదురు తగలని బల్లకి డబ్బు వచ్చే ఏడాది అన్నారు.
వచ్చే ఏడాదులు రెండు వెళ్లిపోయాయి.

ఒక పూసని లేజర్ వెలుతురు పట్టుకుంటుంది,
ఇంకో పూసని సన్నటి గాజుగొట్టం పీల్చి పట్టుకుంటుంది.
రెంటికీ నడుమ ఒకే ఒక్క ప్రోటీన్ ముక్క.
కనబడదు. ఉందని నమ్మి లాగుతాను.

నెత్తుటిలో తిరిగేది ఇది.
మామూలు రోజుల్లో ఉండచుట్టుకుని
ఎవరి జోలికీ పోదు.
నరం తెగిన చోట ప్రవాహం ఈడ్చినప్పుడు మాత్రం
ఒళ్లు విరుచుకుని పొడుగవుతుంది,
దాచుకున్న జిగటంతా బయటపెట్టి
కొట్టుకుపోయే కణాల్ని పట్టి ఆపుతుంది.
దీని ఒక్క మడత విప్పడానికి
పది పికోన్యూటన్లు చాలు.
అంటే ఎంతే అని అమ్మ అడిగింది.
చీమ కాలు బరువులో లక్షో వంతు అన్నాను.
"దానికేనా రాత్రిళ్లు ఇంటికి రావు?" అంది.

లాగాను.
గీత ఎక్కింది, ఎక్కింది,
ఒక్కసారిగా జారింది. మడత విప్పుకుంది.
వదిలాను.
కాసేపటికి ఎవరూ చెప్పకుండానే మళ్లీ ముడుచుకుంది,
కానీ వెళ్లిన దారిన కాదు.
పోయిన గీతా తిరిగొచ్చిన గీతా ఒకదానిమీద ఒకటి పడవు.
నడుమ సన్నటి ఖాళీ.
ఆ ఖాళీని కొలిస్తే వేడిగా పోయింది ఎంతో తెలుస్తుంది.
ఆరు నెలలుగా నేను రాసుకుంటున్నది
పోయినదాని లెక్క.

పదకొండు దాటాక ఎల్లాజీ ఫ్లాస్కుతో వచ్చాడు.
ఇప్పుడు ఇక్కడ రాత్రి కాపలా,
అంతకు ముందు పన్నెండేళ్లు ఫిషింగ్ హార్బరులో, మరబోటు మీద.
తెర వైపు చాలాసేపు చూశాడు.
"ఇది కెరటమేటమ్మా?"
కాదన్నాను.
"మరి వణుకుతాదేటి?"
ఆ వణుకు మాత్రం కెరటమే అన్నాను.

చెప్పాను, సగం మాటలతో, సగం చేతులతో.
అతను అరచెయ్యి చాపాడు.
బొటనవేలి మొదలు నుంచి మణికట్టు దాకా తెల్లటి గీత.
"వించి తాడు కోసీసింది. కళింగపట్నం అవతల.
ఒడ్డు తొమ్మిది గంటలు.
తువ్వాలు సుట్టీసి కూకున్నాను. అదే ఆగిపోనాది."

అదే.
ఆ 'అదే' ఎవరో నాకు తెలుసు.
దానికి నేను పెట్టిన పేరు నమూనా పదిహేడు.

"మరీ లాగితే?"
జారిన మడత చూశావు కదా, అన్నాను,
దాని లోపల ఒక కోతచోటు ఉంటుంది.
విప్పుకుంటే ఇంకో ప్రోటీన్ వచ్చి అక్కడ తెంపేస్తుంది.
"పట్టుకున్నోడిని తెంపీడమేటి?"
తెంపకపోతే పట్టుకుంటూనే పోతుంది.
ఒళ్లంతా గడ్డ కడుతుంది.

టీ చల్లారింది.
"బోటులో గొడ్డలుండీది," అన్నాడు.
"వల రాయికి తగిలి బోటునే ముంచీలాగుంటే
తాడు నరికీడానికి."
నరికావా?
"ఒక్కపాలి."
తాడు కొసన వల ఒక్కటే ఉందా అని అడగలేదు.
అతను చెప్పలేదు.

ఒంటిగంటకి, నలభై ఒకటో లాగుడులో,
గీత సగం ఎక్కి
తిన్నగా సున్నాకి పడిపోయింది.
విప్పుకోవడం కాదు. తెగడం.
ప్రోటీనే వదిలిందో, జిగురు ఊడిందో,
ఆ క్షణాన ఒడ్డున పెద్ద కెరటం విరిగిందో
ఏ పరికరమూ చెప్పదు.
రికార్డు పుస్తకంలో 'కారణం' అన్న గడిలో
సముద్రం అని రాశాను.
మా గైడ్ కొట్టేస్తారు, తెలుసు.

వెనక ఎల్లాజీ ఫ్లాస్కు మూత తిప్పుతున్నాడు.
బిగిసిందో లేదో
వదులు చేసి మళ్లీ బిగిస్తున్నాడు.